హెల్త్‌మిక్స్ పాళ్లు మార్చినప్పుడు వాడుకదారులకు ఎలా చెప్పాలి, వారి మాట ఎలా వినాలి

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో రాగులు, కొర్రలు, సజ్జలు, వేరుశనగలతో పోషకాహార పొడులు తయారు చేసి అమ్మే చిన్న యూనిట్లు చాలా ఉన్నాయి. కొన్నింటిని పొదుపు సంఘాల మహిళలు నడుపుతున్నారు, మరికొన్నింటిని ఇంటి వెనక షెడ్డులో ఇద్దరు ముగ్గురు కలిసి నడుపుకుంటున్నారు. ఏ యూనిట్టుకైనా ఏదో ఒకనాడు పాళ్లు మార్చవలసిన అవసరం వస్తుంది. ఒక దినుసు ధర అందనంత పెరుగుతుంది, లేదా మంచి సరుకు దొరకదు, లేదా ఎండాకాలంలో పొడి తొందరగా ముక్కిపోతోందని తెలుస్తుంది. పాళ్లు మార్చడం ఎలాగో చెప్పేవారు చాలామంది ఉన్నారు. మార్చిన తర్వాత వాడుకదారుల నుంచి వచ్చే మాటలను ఎలా స్వీకరించాలో చెప్పేవారు నాకు దొరకలేదు కాబట్టి, పదకొండేళ్లుగా అనంతపురం పాతూరులో ఈ పని చేస్తూ నేర్చుకున్నది ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ముందుగా నా వల్ల జరిగిన తప్పు చెప్పాలి, ఎందుకంటే కింద రాసిన పద్ధతి అంతా దాని నుంచి వచ్చినదే. మూడేళ్ల కిందట వేరుశనగ విత్తనాల ధర బాగా పెరిగింది. మా మిక్స్‌లో కిలోకు 200 గ్రాముల వేరుశనగ పడేది. దాన్ని పూర్తిగా తీసేసి అంతే బరువు పుట్నాలు, అంటే మా వైపు పప్పులు అని పిలిచేవి, వేశాం. ఎవరికీ చెప్పలేదు. రెండో వారంలో, ఐదేళ్లుగా మా పొడి వాడుతున్న ఒక రిటైర్డ్ మాస్టారు స్టీలు గ్లాసుపై మూతపెట్టి తెచ్చి నా ముందు పెట్టారు. మూత తీసి చూస్తే పైన ఎప్పుడూ కనిపించే సన్నని నూనె మెరుపు లేదు, అడుగున పొడి తడి ఇసుకలా దిగి ఉంది. "ఏమ్మా, పొడి మార్చినారా?" అని అడిగారు. "ఏమీ మార్చలేదు సార్" అన్నాను. ఆయన గ్లాసును కాసేపు చూసి, "నాకు షుగర్ ఉందని నీకు తెలుసు. ఏం మార్చినావో ముందే చెప్పింటే నేనే చూసుకుంటాను కదమ్మా" అన్నారు. నిజం ఆ తర్వాత చెప్పాను, కానీ ఆ మొదటి జవాబు ఆయన మనసులో నుంచి పోవడానికి ఏడాది పట్టింది. పుట్నాలు వేయడం తప్పు కాదు. వేశామని చెప్పకపోవడం, అడిగినప్పుడు లేదనడం తప్పు.

మార్చే ముందు పాత పొడిని దాచి ఉంచండి

పాత పాళ్లతో చేసిన చివరి బ్యాచ్ నుంచి కనీసం నాలుగు ప్యాకెట్లు సీలు విప్పకుండా, ఎండ తగలని చల్లని చోట దాచండి. కొత్త పొడి గురించి ఎవరు ఏమి చెప్పినా, దాన్ని పాతదాని పక్కన పెట్టి పోల్చడానికి ఇవి కావాలి. జ్ఞాపకంతో పోల్చితే మీరూ పొరబడతారు, వాడుకదారులూ పొరబడతారు. సజ్జలు, వేరుశనగలు ఉన్న పొడి రెండు నెలలకే వాసన మారవచ్చు కాబట్టి, దాచిన ప్యాకెట్లపై తేదీ రాసి, నిలవ గడువు దాటిన తర్వాత వాటితో పోలిక పెట్టకండి.

తర్వాత రెండు పొడులనూ మూడు విధాలుగా పరీక్షించండి. మొదటిది చెంచా బరువు. వాడుకదారులు గ్రాముల్లో కొలవరు, చెంచాతో కొలుస్తారు. ఒకే చెంచాతో పాత పొడిని పదిసార్లు, కొత్త పొడిని పదిసార్లు తీసి చిన్న త్రాసుపై తూచి సగటు కట్టండి. పాత పొడి చెంచాకు 12 గ్రాములు వచ్చి, కొత్తది తేలికై 9 గ్రాములే వస్తే, ఆ మనిషి తనకు తెలియకుండానే రోజూ నాలుగో వంతు తక్కువ తింటున్నారన్న మాట. "ఈమధ్య మీ పొడితో ఆకలి ఆగడం లేదు" అనే మాట వెనక ఇదే ఉండవచ్చు. ఇది పాళ్ల లోపం కాదు, చెంచాల సంఖ్య చెప్పని లోపం.

రెండోది చిక్కదనం. 20 గ్రాముల పొడిని 200 మిల్లీలీటర్ల నీటిలో కలిపి ఐదు నిమిషాలు ఉడికించి, గోరువెచ్చగా చల్లార్చి, రెండింటినీ పక్కపక్కన గరిటెతో ఎత్తి పోయండి. మొలకెత్తించిన రాగుల పిండిలో ఏర్పడే ఎంజైములు గంజిపదార్థాన్ని విడగొడతాయి కాబట్టి, మొలకల రాగి జావ పలుచగా ఉంటుంది. పని తగ్గించుకోవడానికి మొలకెత్తించని రాగులు కలిపితే, అదే కొలతకు జావ గట్టిగా వస్తుంది. చిన్నపిల్లల తల్లులు ఈ తేడాను అందరికంటే ముందు పట్టుకుంటారు, ఎందుకంటే బిడ్డ మింగలేక ఉమ్మేస్తుంది.

మూడోది లెక్క. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పోషక పట్టికలు ఇందుకు ఉపయోగపడతాయి. వాటి ప్రకారం 100 గ్రాముల వేరుశనగలో కొవ్వు దాదాపు 40 గ్రాములు, ప్రొటీన్ 24 గ్రాములకు కాస్త తక్కువ. సెనగపప్పులో కొవ్వు 5 గ్రాముల చిల్లర, ప్రొటీన్ 21 నుంచి 22 గ్రాములు. పుట్నాలు సెనగల నుంచే వస్తాయి కాబట్టి వాటిని దీనికి దగ్గరగా అనుకోవచ్చు. అంటే మేము చేసిన మార్పులో ప్రొటీన్ పెద్దగా తగ్గలేదు, కానీ కిలో పొడికి దాదాపు 70 గ్రాముల కొవ్వు పోయింది. పూటకు 30 గ్రాములు వాడేవారికి అది రెండు గ్రాములు. మాస్టారి గ్లాసులో నూనె మెరుపు ఎందుకు లేదో ఈ లెక్క చెబుతుంది. ఈ లెక్కను ముందే చేసి ఉంటే ఆయన అడిగిన క్షణంలోనే జవాబు ఇచ్చి ఉండేదాన్ని.

లెక్క మరో మేలు కూడా చేస్తుంది. కొన్ని భయాలు పెద్దవి కావని చూపుతుంది. అదే పట్టికల ప్రకారం రాగుల్లో 100 గ్రాములకు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మీరు కిలో పొడిలో రాగులు 100 గ్రాములు తగ్గించి కొర్రలు పెంచితే, 30 గ్రాముల వాడకానికి తగ్గే కాల్షియం పదకొండు మిల్లీగ్రాములు మాత్రమే. "రాగులు తగ్గించినారంట, మా పాపకు కాల్షియం ఎట్లా?" అని అడిగే తల్లికి ఈ సంఖ్య చెబితే ఆమె మనసు కుదుటపడుతుంది. "ఏమీ కాదులేమ్మా" అంటే కుదుటపడదు.

కవరు మార్చకుండా పొడి మార్చకండి

పాత కవర్లు వేల సంఖ్యలో మిగిలి ఉన్నాయని, అవి అయిపోయే దాకా వాటిలోనే కొత్త పొడి నింపుదామని అనిపిస్తుంది. అలా చేయకండి. 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం దినుసులను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి. పాళ్లు మారితే ఆ వరుస కూడా మారవచ్చు, పోషక విలువల పట్టిక తప్పకుండా మారుతుంది. వేరుశనగ, జీడిపప్పు, బాదం వంటి గింజలు, పాలు, సోయా, గోధుమ వంటి గ్లూటెన్ ధాన్యాలు ఉంటే, అవి అలెర్జీ కలిగించే పదార్థాలని విడిగా ప్రకటించాలి. 2006 నాటి ఆహార భద్రత చట్టంలోని 52వ సెక్షన్ కింద తప్పుడు లేబుల్‌తో అమ్మిన ఆహారానికి 3 లక్షల రూపాయల వరకు జరిమానా పడుతుంది. జరిమానా కంటే ముందు ఆలోచించవలసింది, కవరు చదివి కొనే తల్లి గురించి. వేరుశనగ పడని బిడ్డ ఉన్న ఇల్లు ఆ ఒక్క వరుసను నమ్ముకొని ఉంటుంది.

పిండి మర ఇంకొకరిదైతే మరో జాగ్రత్త అవసరం. మీ పొడిలో సోయా లేకపోయినా, మీకంటే ముందు అదే మరలో సోయా ఆడించి ఉంటే కొంత కలుస్తుంది. ఒకసారి మా బ్యాచ్‌కు అలాగే జరిగింది. అప్పటి నుంచి మర నడిపే ఆయనను ముందుగానే అడిగి, మా సరుకు ఆడించే ముందు రెండు కిలోల రాగులు మరలో ఆడించి, ఆ పిండిని విడిగా తీసేస్తున్నాం.

విటమిన్లు, ఖనిజాలు కలిపి హెల్త్ సప్లిమెంట్ అన్న పేరుతోనే అమ్మేవారికి ప్రత్యేక నిబంధనలు వర్తిస్తాయి. మందుగా వాడడానికి కాదని లేబుల్‌పై రాయాలి, రోజుకు ఎంత వాడాలో చెప్పాలి. మామూలు చిరుధాన్యాల పొడి అమ్ముతూ ఆ పేరు పెట్టుకోకపోవడమే మంచిది.

మాట మీ నోటి నుంచే ముందు వెళ్లాలి

కొత్త బ్యాచ్ అమ్మకానికి రావడానికి కనీసం మూడు వారాల ముందు చెప్పడం మొదలుపెట్టండి. అందరికీ ఒకేసారి చెప్పనవసరం లేదు. రోజూ తినేవారికి, షుగర్, బీపీ, కిడ్నీ సమస్యలు ఉన్నాయని మీకు తెలిసినవారికి, చిన్నపిల్లలకు పెట్టే తల్లులకు ఫోన్ చేసి చెప్పండి. తర్వాత మీ సరుకు పెట్టుకునే మెడికల్ షాపులు, కిరాణా అంగళ్లవారికి చెప్పండి. అంగడి ఆయనకు తెలియకపోతే ఆయన వాడుకదారుతో "అదే పొడి, ఏం తేడా లేదు" అని చెబుతారు, ఆ మాట మీ మాటగానే మిగిలిపోతుంది. ఆర్టీసీ కార్గోలో బెంగళూరుకో హైదరాబాద్‌కో పార్సిల్ వెళ్లే ఇళ్లకు ప్యాకెట్‌తో పాటు చీటీ పెట్టండి, వాట్సాప్ స్టేటస్ మాత్రం చాలదు.

లేబుల్‌పై వివరాలు ఇంగ్లీషులో లేదా హిందీలో తప్పనిసరి అయినా, చీటీ మాత్రం తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి. మేము ఇప్పుడు రాసే తీరులో, ఆ పుట్నాల మార్పుకు చీటీ ఇలా ఉంటుంది: "ఈ నెల నుంచి మా హెల్త్‌మిక్స్‌లో మార్పు చేశాం. వేరుశనగ తీసేశాం, పుట్నాలు చేర్చాం. కారణం వేరుశనగ ధర పెరగడం. ప్రొటీన్ కాస్త తగ్గింది, కొవ్వు ఎక్కువగా తగ్గింది. పొడి తేలికైంది కాబట్టి ఇంతకు ముందు రెండు చెంచాలు వేసుకునేవారు ఇప్పుడు రెండున్నర వేసుకోవాలి. ముందు చల్లటి నీటిలో కలిపి తర్వాత వేడి చేయండి. ఏదైనా తేడా అనిపిస్తే ప్యాకెట్ వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేయండి. విప్పిన ప్యాకెట్ అయినా వెనక్కి తీసుకుంటాం."

ఆ చీటీలో ఖర్చు కారణాన్ని దాచలేదు. చాలామంది "మీ ఆరోగ్యం కోసం మార్చాం" అని రాస్తారు. ధర కారణంగా మార్చి ఆరోగ్యం పేరు చెబితే, మన జిల్లాలో బుడ్డల, అంటే వేరుశనగల, ధర ఎంతో రైతుకు మనకంటే బాగా తెలుసు, వెంటనే పట్టుకుంటారు. అంతే జాగ్రత్త బెల్లం విషయంలోనూ అవసరం. బెల్లం తీసి ఖర్జూర పొడి వేసి, "ఇక షుగర్ ఉన్నవారు కూడా నిశ్చింతగా తినవచ్చు" అని చెప్పడం ప్రమాదకరం. ఎండు ఖర్జూరంలో సగానికి పైగా చక్కెరలే ఉంటాయి. ఇక షుగర్ తగ్గుతుందని ప్రచారం చేయడాన్ని 1954 నాటి ఔషధాలు, అద్భుత చికిత్సల ప్రకటనల చట్టం నిషేధించింది.

వీలైతే, ప్రకటించిన వారంలోనే ఇరవై ముప్పై ఇళ్లకు పాతదీ కొత్తదీ చెరో 50 గ్రాములు ఇవ్వండి. రుచి చూడమని అడగడంతో ఆపకుండా, నాలుగు రోజులు వరుసగా వాడమని చెప్పండి. ఒక గుక్కలో బాగున్న పొడి నాలుగో రోజుకు మొహం మొత్తవచ్చు. మొదటి రోజు నచ్చని పొడి నాలుగో రోజుకు అలవాటు కావచ్చు.

వచ్చిన ప్రతి మాటను రాసుకోండి

ఒక పొడవాటి నోటు పుస్తకం తీసుకొని గీతలు గీయండి. తేదీ, బ్యాచ్ నంబరు, ఎవరు తిన్నారు, వయసు, ఎంత కొలత, దేనిలో కలిపారు, ఎన్ని రోజులుగా, ఏమి అనిపించింది, ఇంకా ఏమి మందులు వాడుతున్నారు, మనం ఏమి చెప్పాం. చివరి గడి "మళ్లీ ఎప్పుడు అడగాలి" అన్నది. ఇది ఖాళీగా ఉండకూడదు. అనారోగ్యం, మందుల వివరాలు ఉండే ఈ పుస్తకాన్ని అందరి కంటికీ కనిపించే చోట పెట్టకండి.

వాడుకదారు మాటను వారి మాటల్లోనే రాయండి. "పొట్టలో గుడగుడ అంటాంది", "నాలుకకు గరుకు తగుల్తాంది", "ముందు మాదిరి కమ్మగా ల్యాదు" అని వారంటే, దాన్ని "రుచి బాగోలేదు" అని కుదించి రాస్తే సమాచారం పోతుంది. గరుకు అంటే జల్లెడ సమస్య. కమ్మగా లేదంటే వేయింపు సమస్యో, నూనె గింజల సమస్యో. గుడగుడ అంటే పీచు లేదా పప్పు సమస్య. మూడింటికీ మందులు వేర్వేరు.

ఫోన్ ఎత్తే ప్రతి ఒక్కరికీ, మా యూనిట్‌లో ప్యాకింగ్ చేసే అక్కలతో సహా, ఒక నియమం ఉంది. మొదటి వాక్యం "అవునమ్మా, ఈ బ్యాచ్‌లో మార్పు ఉంది, ఏమి అనిపించిందో చెప్పండి" అని ఉండాలి. "అందరూ బాగుందంటున్నారు, మీరొక్కరే అంటున్నారు" అనే వాక్యాన్ని ఎవరూ వాడకూడదు. అది నిజమైనా సరే, విన్నవారు మళ్లీ ఫోన్ చేయరు.

శరీరానికి సంబంధించిన మాటను అన్నింటికంటే ముందు చూడండి

వచ్చే మాటలు స్థూలంగా రుచి, శరీరం, ధర, నమ్మకం అనే నాలుగు రకాలు. శరీరానికి సంబంధించినది వస్తే మిగతా పనులన్నీ ఆపి దాన్ని చూడాలి.

తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు ఒంటిపై దద్దుర్లు, పెదవులు లేదా నాలుక వాపు, వాంతులు, ఊపిరి అందకపోవడం, కళ్లు తిరగడం కనిపిస్తే అది అలెర్జీ కావచ్చు. అప్పుడు పాళ్ల గురించి వివరించకండి. ఊపిరి ఇబ్బంది ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయమని, ప్యాకెట్‌ను ఆసుపత్రికి తీసుకెళ్లమని చెప్పండి. ఆ ప్యాకెట్‌లోని దినుసుల పూర్తి వివరం డాక్టరు అడిగితే, వ్యాపార రహస్యం అనుకోకుండా చెప్పండి. ఆ బ్యాచ్ అమ్మకం ఆపి, మిగిలిన ప్యాకెట్లను పక్కన పెట్టండి. ఆహారం సురక్షితం కాదని అనుమానం బలపడితే దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తెప్పించి అధికారులకు తెలియజేసే బాధ్యతను అదే 2006 చట్టంలోని 28వ సెక్షన్ తయారీదారుపైనే పెట్టింది.

కడుపుబ్బరం, గ్యాస్, విరేచనం గట్టిగానో పలుచగానో కావడం వేరే సంగతి. పప్పులు, చిరుధాన్యాల పీచు పెరిగిన పొడి కొత్తగా మొదలుపెట్టినవారికి మొదటి వారం ఇలా ఉండవచ్చు. కొలత సగానికి తగ్గించి, నీళ్లు బాగా తాగి, వారం తర్వాత కొద్దికొద్దిగా పెంచమని చెప్పండి. వారం దాటినా తగ్గకపోతే, జ్వరం లేదా రక్తం కనిపిస్తే డాక్టరు దగ్గరకు వెళ్లమనండి. మీరు వైద్యం చెప్పకండి.

మందులతో కలిసే విషయం చాలామందికి తట్టదు. ఇనుము, కాల్షియం ఎక్కువగా ఉన్న పదార్థాలు, సోయా కూడా థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తాయి. ఆ మాత్రకూ కాల్షియం, ఇనుము మాత్రలకూ నాలుగు గంటల ఎడం ఉంచమని వైద్యులు చెబుతారు. పరగడుపున మాత్ర వేసుకొని వెంటనే జావ తాగే అలవాటు మన ఇళ్లలో ఉంది, అందువల్ల కొత్త పాళ్లలో సోయా గానీ ఖనిజాలు గానీ చేర్చితే ఈ సంగతి చీటీలో రాయాలి. అలాగే మునగాకు పొడి చేర్చే యూనిట్లు ఈమధ్య ఎక్కువయ్యాయి. మునగాకులో విటమిన్ కె ఉంటుంది, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడే గుండె రోగులకు అది మందు పనిని తగ్గించవచ్చు. "ఆకే కదా, మంచిదే" అని మీకు తోచినా, అటువంటి రోగి ఒకరైనా మీ జాబితాలో ఉండవచ్చు.

"అది మీ భ్రమ" అని ఎన్నడూ అనకండి

కొందరి ఫిర్యాదుకు పొడిలో ఎంత వెతికినా కారణం దొరకదు. నిద్ర పట్టడం లేదంటారు, తలనొప్పి వచ్చిందంటారు, ఒళ్లు బరువెక్కిందంటారు. ఇక్కడ న్యూజిలాండ్‌లో జరిగిన ఒక సంగతి తెలుసుకోవడం అవసరం. అక్కడ 2007లో ఎల్ట్రాక్సిన్ అనే థైరాయిడ్ మాత్రను కొత్త పాళ్లతో తెచ్చారు. పనిచేసే మందు అదే, మోతాదు అదే, మాత్ర కట్టడానికి వాడే ఇతర పదార్థాలు, మాత్ర రంగు మాత్రం మారాయి. అంతకు ముందు ముప్పై ఏళ్లలో ఆ మాత్రపై 14 ఫిర్యాదులే అందగా, మార్పు తర్వాత పద్దెనిమిది నెలల్లో 1,400కు పైగా వచ్చాయి. పత్రికల్లో, టీవీలో వార్తలు వచ్చినకొద్దీ ఫిర్యాదులు పెరిగాయి. పరీక్షల్లో అసలు మందు సరిగ్గానే ఉందని తేలింది.

దీని నుంచి "జనం ఊరికే అంటారు" అన్న పాఠం తీసుకునేవారు ఉన్నారు. నేను తీసుకున్నది వేరు. ఆ మనుషులకు కలిగిన బాధ అబద్ధం కాదు. ముందుగా సరైన వివరం అందకుండా రంగు మారిన మాత్ర చేతికి వచ్చినప్పుడు మనిషి తన శరీరాన్ని అనుమానంతో గమనించడం మొదలుపెడతాడు. అంతకు ముందు పట్టించుకోని తలనొప్పి కూడా ఆ మాత్ర ఖాతాలోకి వెళుతుంది. మన పొడికీ అంతే. అందువల్ల కారణం దొరకని ఫిర్యాదు వస్తే మూడు పనులు చేయండి. వారం పాటు పొడి మానేయమని చెప్పండి. దాచిన పాత ప్యాకెట్ ఒకటి గడువులో ఉంటే అది ఇచ్చి చూడండి. పదో రోజున మీరే ఫోన్ చేసి అడగండి. మూడో పని చేసేవారు తక్కువ, కానీ పని చేసేది ఎక్కువగా అదే. తగ్గిందా లేదా అన్నది మీ పుస్తకంలోకి వస్తుంది, తమను ఎవరో పట్టించుకున్నారని వారికి తెలుస్తుంది. ఇలా ఫోన్ చేసినప్పుడు, కొత్తగా మొదలుపెట్టిన బీపీ మాత్ర వల్ల తల తిరిగిందని తెలుసుకొని ఒకామె మాకే చెప్పింది.

రుచి, ధర మాటలు

రుచి గురించిన మాటలకు తొందరపడి పాళ్లు మళ్లీ మార్చకండి. ముందు కలిపే పద్ధతి అడగండి. మరిగే పాలలో నేరుగా పొడి పోస్తే పుట్నాల పిండి పైపొర వెంటనే ఉడికి లోపల పొడి పొడిగా ఉండల్లా మిగులుతుంది. చల్లటి నీటిలో జారుగా కలిపి సెగ మీద పెట్టమంటే సగం ఫిర్యాదులు అక్కడే ఆగుతాయి. సంగటిలో కలుపుకునేవారు, మజ్జిగలో కలుపుకునేవారు, ఉండలు చుట్టుకునేవారు ఉంటారు. ఉండలకు మాత్రం వేరుశనగ నూనె లేని పొడి నిజంగానే సరిపడదు, చేతిలో విరిగిపోతుంది. వారికి నెయ్యి కాస్త పెంచమని చెప్పడం కంటే, "ఉండలకు ఈ పొడి బాగుండదు" అని ఒప్పుకోవడం మేలు.

ధర విషయంలో సూటిగా ఉండండి. చవకైన దినుసు వేసి పాత ఎంఆర్‌పీకే అమ్మితే, "మిగిలింది మీరు తీసుకున్నారా?" అని అడుగుతారు. ధర కొంత తగ్గించండి, లేదా ఖర్చు ఏ దినుసుకు ఎంత పెరిగిందో చెప్పండి. 500 గ్రాముల కవరును అదే సైజులో ఉంచి లోపల 450 గ్రాములు నింపడం మాత్రం చేయకండి. లేబుల్‌పై 450 అని రాసినందువల్ల చట్టానికి సరిపోవచ్చు, కానీ కవరును చేత్తో ఎత్తి చూసే వాడుకదారుకు సరిపోదు. వెనక్కి తెచ్చిన ప్యాకెట్‌కు డబ్బు ఇచ్చేటప్పుడు మిగిలిన పొడి తూచకండి. ఇచ్చాక కూడా వారికి అసంతృప్తి ఉంటే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరు మీరే చెప్పండి.

ఎప్పుడు వెనక్కి తగ్గాలి

ఆరు వారాల తర్వాత పుస్తకం ముందు కూర్చోండి. మొదట చూడవలసింది బ్యాచ్ నంబరు. ఫిర్యాదులన్నీ ఒకే బ్యాచ్‌కు చెందితే తప్పు పాళ్లది కాకపోవచ్చు. వేయింపు ఎక్కువై ఉండవచ్చు, తేమ ఉన్న ధాన్యం ఆడించి ఉండవచ్చు, ముక్కిన సజ్జలు కలిసి ఉండవచ్చు. అన్ని బ్యాచ్‌లలోనూ, ఒకరితో ఒకరికి పరిచయం లేనివారు ఒకే మాట అంటే, అది పాళ్ల సంగతే. మా పుస్తకంలో గుత్తి నుంచి ఒకరు, ధర్మవరం నుంచి ఒకరు, బెంగళూరు నుంచి ఇద్దరు "కమ్మదనం లేదు" అన్న ఒకే మాట అన్నారు. పాతూరు వీధిలోనే పది మంది అని ఉంటే, ఒకరి మాట విని ఇంకొకరు అన్నారేమో అని ఆగేవాళ్లం.

రుచి ఫిర్యాదులకు ఇన్ని అని ఒక హద్దు ముందే పెట్టుకోండి, లేకపోతే ఖర్చు పెట్టి మార్చిన పాళ్లను వదులుకోవడానికి మనసు ఒప్పుకోదు. శరీరానికి సంబంధించిన తీవ్రమైన ఫిర్యాదు ఒక్కటి వచ్చినా చాలు, అదే హద్దు. వెనక్కి తగ్గేటప్పుడు కూడా చీటీ రాయాలి. పాతదానికి తిరిగి వెళ్లడం కూడా మార్పే, ఈ ఆరు వారాల్లో కొత్తగా చేరినవారికి అదే కొత్త పొడి. మధ్యలో వేరుశనగ పడని వ్యక్తి ఎవరైనా మీ పుట్నాల పొడి మొదలుపెట్టి ఉండవచ్చు.

మేము చివరకు సగం సగం దగ్గర ఆగాం, కిలోకు 100 గ్రాముల వేరుశనగ, 100 గ్రాముల పుట్నాలు. వేరుశనగ వద్దనేవారికి పూర్తిగా పుట్నాల పొడిని వేరే రంగు కవరులో, వేరే రోజున ఆడించి ఇస్తున్నాం. పోయిన సంక్రాంతికి ముందు మళ్లీ ఒక చిన్న మార్పు వచ్చింది. ఏలకుల ధర వల్ల వాటిని తగ్గించి శొంఠి చేర్చవలసి వచ్చింది. కొత్త పొడి 50 గ్రాముల పొట్లం కట్టి, చీటీతో సహా మాస్టారి ఇంటికి నేనే తీసుకెళ్లాను. ఆయన కళ్లజోడు పెట్టుకొని చీటీ రెండుసార్లు చదివి, "శొంఠి నాకు వేడి చేస్తుందేమో, నాలుగు రోజులు చూసి చెప్తాను" అన్నారు. ఐదో రోజు ఫోన్ చేసి, వేడి చేయలేదని, చెంచా మాత్రం పాత కొలతే సరిపోయిందని చెప్పారు. ఆ మాటను తేదీతో సహా పుస్తకంలో రాసి, "మళ్లీ ఎప్పుడు అడగాలి" అన్న గడిలో నెల తర్వాతి తేదీ వేశాను.